వీధి వరుసలో గోత్రనామాలు

నివేదనైన చక్కెర పొంగలి ముద్దను అర్చకుడు అనంతపద్మనాభం నోట వేసుకొని నమిలాడు. ఒక క్షణం ఆగి, అనుమానంతో మరల నమిలాడు. తడి ఇసుకలో నేయి కలిపినట్లుంది. జీడిపప్పు జీడిపప్పుగానే తెలుస్తోంది, పచ్చకర్పూరం ముక్కుకు అందుతోంది. తీపి మాత్రం జాడకైనా లేదు.

ధనుర్మాసం చివరి వారం. లాల్‌దర్వాజా వెనుక గల్లీలోని ఆ చిన్న వేణుగోపాలస్వామి గుడి తెల్లవారేసరికే నిండిపోయింది. చలికి కంబళ్ళు కప్పుకొన్నవాళ్ళు మండపంలో మోదుగాకు దొన్నెలు పట్టుకొని బారులు తీరి కూర్చున్నారు. అర్చకుడు చివరగా ప్రసాదం స్వీకరించడం ఆ గుడి ఆచారం గనుక, అప్పటికే సగం దొన్నెలు ఖాళీ అయినాయి.

అనంతపద్మనాభం లేచి నిలుచున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గుడిలో ఏ లోపం జరిగినా దాచిపెట్టే అలవాటు అతనికి లేదు. వంటశాల వైపు తిరిగి, భార్య కోమలవల్లిని పిలిచి, ఈనాటి పొంగలిలో బెల్లం వేయడం మరిచినట్లున్నావని అందరూ వినేలా అన్నాడు. తీపి లేని నైవేద్యం స్వామికి పెట్టినందుకు భక్తులను క్షమాపణ కోరి, పొయ్యి మీద మళ్ళీ ఎసరు పెట్టమన్నాడు.

మండపంలోనివాళ్ళు వేళ్ళకు అంటిన పాకాన్ని చూసుకొన్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ముందు వరుసలోని లలితమ్మ, గల్లీలో అందరికన్న పెద్దామె, బొటనవేలు చప్పరించి నెమ్మదిగా అంది.

"అయ్యగారూ, బెల్లం మస్తుగున్నది. నాకైతే పండ్లు జివ్వుమంటున్నయి."

ఎవరో నవ్వబోయి ఆపుకొన్నారు. గరిటెతో గుమ్మంలోకి వచ్చిన కోమలవల్లి భర్త ముఖం చూసి, గరిటెను కొంగు చాటుకు తీసుకొంది.

ధర్మకర్త విశ్వేశ్వర్ దొన్నె కింద పెట్టి, చేతులు కడుక్కొని, భక్తులు వెళ్ళేదాకా ఓపికగా నిలుచున్నాడు. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం నడిపే మనిషి. బేరం చెప్పేటప్పుడు కూడా గొంతు పెంచడు. ఆ నెమ్మదితోనే అతడు, కార్తీకపూర్ణమినాడు అయ్యగారు మరుపున తన తండ్రికి ఆయురారోగ్యాలు కోరిన సంగతి గుర్తు చేశాడు. విశ్వేశ్వర్ తండ్రి గతించి ఏళ్ళయింది. ఆ రోజు నవ్వి ఊరుకొన్నానని, పేర్లతోపాటు ఇప్పుడు నాలుక కూడా దారి తప్పితే ఊరుకోవడం తన చేతిలో లేదని అన్నాడు. మంథని నుంచి వచ్చి మూడు రోజులుగా సత్రంలో ఉంటున్న వైకుంఠం స్తంభం పక్కన తల వంచుకొని నిలుచున్నాడు. మంచి కంఠం, శుద్ధమైన ఉచ్చారణ గల యువ అర్చకుడు.

"భోగినాడు కల్యాణంల వైకుంఠం కాగితం చూసి సదువుతడు. మీరు పక్కకు కూసోండ్రి. మీ మర్యాదకు ఏం తక్కువ గాదు," అన్నాడు విశ్వేశ్వర్.

ఆ గుడిలో గోత్రనామాలను కాగితం చూసి ఎవరూ చదవలేదు. కల్యాణ సంకల్పంలో గల్లీలోని ప్రతి కుటుంబాన్నీ, గోత్రంతో, పెద్దల నుంచి పిల్లలదాకా పేరుపేరునా, నోటితోనే స్వామికి విన్నవించాలి. అనంతపద్మనాభం తండ్రి అలాగే చెప్పాడు; అతని తాతా అంతే.

"మనవాళ్ళ పేర్లు స్వామి ముందర కాగితంలో వెతుక్కుంటే, వాళ్ళను మనవాళ్ళని ఎట్లా అంటామండీ?" అన్నాడు అనంతపద్మనాభం. "ఒక్క తప్పు దొర్లేదాకా నన్ను చెప్పనివ్వండి. దొర్లితే, ఆ క్షణం నుంచి వైకుంఠమే అర్చకుడు. మేముంటున్న గుడి పక్క ఇల్లు కూడా ఆయనకే ఇస్తాను."

విశ్వేశ్వర్ ఒక వేలు ఎత్తి చూపాడు.

"ఒక్క తప్పు. గంతే," అన్నాడు.

ఎండ పైకి వచ్చాక దంపతులిద్దరూ శాలిబండలో డాక్టర్ విఠల్‌రావు ఇంటికి నడిచి వెళ్ళారు. దసరాకు ముందు అనంతపద్మనాభం శరీరంలో చక్కెర వ్యాధిని కనిపెట్టినవాడు అతడే. ఉస్మానియా దవాఖానాలో సూదిమందు దొరుకుతుందని, దాని అవసరం రాకుండా చూద్దామని చెప్పి, రోజూ చెమట పట్టేదాకా నడక, నేరేడుగింజల పొడి, నానబెట్టిన మెంతులు, ఎండు పొడపత్రి కషాయం, ఉదయం మిరియంతో నూరిన సరస్వతి ఆకు విధించాడు. ఇంగ్లీషు వైద్యం చదివినా, తండ్రి వదిలి వెళ్ళిన మూలికల పెట్టెను అతడు అటకెక్కించలేదు.

ఉదయం జరిగినదంతా విని విఠల్‌రావు మొదట అడిగిన ప్రశ్న వేరు.

"పొంగలి అసలెందుకు తిన్నరు? అది చెప్పుండ్రి ముందుగాల."

ప్రసాదాన్ని కాదనరాదని, చిటికెడే తీసుకొన్నానని అనంతపద్మనాభం అన్నాడు.

"ఆయన చిటికెలో పావుశేరు పడుతుంది," అంది కోమలవల్లి.

డాక్టరు నవ్వు ఆపుకొని, పొంగలికి ముందు నోట్లో ఇంకేమైనా వేసుకొన్నారా అని అడిగాడు. పాలుపోసే బీరయ్య నిన్న జల్‌పల్లి చెరువు కంచె మీది నుంచి పొడపత్రి తీగను పచ్చిగా కోసి తెచ్చాడని, తీర్థం ఇచ్చిన తరువాత ప్రదక్షిణంలో రెండాకులు నమిలానని అనంతపద్మనాభం చెప్పాడు. ఇంతకాలం తాగింది కషాయమే. పచ్చి ఆకు నమలడం అదే మొదలు.

విఠల్‌రావు కుర్చీలో వెనక్కి వాలి, షేర్వానీ గుండీలు కదిలిపోయేలా నవ్వాడు. లోపలి నుంచి చక్కెర గిన్నె తెప్పించాడు. కోమలవల్లి కొంగున ముడివేసి తెచ్చిన తీగ నుంచి రెండాకులు తుంచి ఆమె చేతికే ఇచ్చి, బాగా నమలమన్నాడు. ఆమె ముఖం ముడుచుకొంటూ నమిలింది. పిదప చెంచాడు చక్కెర వేసుకొంది. కళ్ళు పెద్దవయ్యాయి. ఇంకొక చెంచా వేసుకొంది.

"సున్నపు పిండి," అంది. అని, భర్త భుజం మీద చేయి వేసి, పరాయి ఇంట్లో ఉన్నానన్న స్పృహ లేకుండా నవ్వసాగింది. ఉదయం నుంచి ఆమె గుండెలో గడ్డకట్టిన భయమంతా ఆ నవ్వుతో కరిగిపోతూ ఉంటే, అనంతపద్మనాభం కూడా నవ్వాడు.

తీపిని కొంతసేపు నాలుకకు తెలియకుండా చేయడం ఆ ఆకు స్వభావమని డాక్టరు చెప్పాడు. తరువాత పరీక్షకు పూనుకొన్నాడు. గాజుగొట్టంలో నీలిమందు పోసి, మూత్రం చుక్కలు కలిపి, స్పిరిట్ దీపం మీద పట్టాడు. దసరా ముందర ఇటుక రంగుకు తిరిగిన మందు ఇప్పుడు లేత ఆకుపచ్చ దగ్గర ఆగిపోయింది. గొట్టాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి ముగ్గురూ చూశారు; కొత్త పట్టుచీర అంచును చూసినట్లు కోమలవల్లి దానిని చాలాసేపు చూసింది.

"చక్కెర ఎక్కువైతే తలకు గూడ మసక కమ్ముతదని నా అనుమానం," అన్నాడు విఠల్‌రావు. "పుస్తకాలల్ల దీని గురించి ఎక్కువ రాయలే. నా దగ్గరికొచ్చేటోళ్ళను చూసి చెప్తున్న. సరస్వతి ఆకు ఎంత పని చేస్తదో నేను ప్రమాణం చేయలేను, కాని మానకుండ్రి. నడక మాత్రం ఒక్కనాడు గూడ ఇడువకుండ్రి. కాళ్ళు కదిలితేనే తలకు నెత్తురు."

తిరుగుదారిలో కోమలవల్లి గుడి వైపు మళ్ళలేదు. భర్తను ఇంటికి పొమ్మని, తాను నేరుగా గల్లీ చివరి పెద్ద దర్వాజాలోకి, విశ్వేశ్వర్ ఇంటికి వెళ్ళింది. ఆ గల్లీలో మొదటి రేడియో ఆ ఇంట్లోనే మోగుతోంది. విశ్వేశ్వర్ భార్య సులోచన ఆమెను కూర్చోబెట్టి, మనుమరాలికి పేరు పెట్టే తొట్టెల పండుగ చేయబోతున్నామని లడ్డూల పళ్ళెం ముందుంచింది.

కోమలవల్లి లడ్డూ ముట్టలేదు. కొంగు ముడి విప్పి, రెండాకులు పళ్ళెం అంచున పెట్టి, ధర్మకర్తగారు వీటిని నమిలి ఆ పిమ్మట లడ్డూ తినాలని, అంతకన్న తాను అడిగేదేమీ లేదని అంది. విశ్వేశ్వర్ ఆకును ఇటూ అటూ తిప్పి చూసి, బట్ట నాణ్యం చూసినట్లు వేళ్ళతో నలిపి, చివరకు నోట్లో వేసుకొన్నాడు. తరువాత లడ్డూ కొరికాడు. నమలడం ఆపాడు. మిగిలిన సగాన్ని చేతిలో పట్టుకొని భార్య వైపు తిరిగాడు.

"దీంట్ల చక్కెర ఏసినవా?"

సులోచన అతని చేతిలోని సగం లాక్కొని తిని, అటు కోమలవల్లిని, ఇటు భర్తను చూసి, రేడియో పాట వినబడనంతగా నవ్వింది. పని మానుకొని కోడలు వచ్చింది, వంటామె వచ్చింది. తలొక ఆకు నమిలి, తలొక లడ్డూ తిని, ఇల్లంతా మట్టి తిన్న పిల్లల్లా ముఖాలు పెట్టుకొన్నారు. విశ్వేశ్వర్ కూడా నవ్వాడు. నోరు పుక్కిలించి వచ్చి, తుండుతో మూతి తుడుచుకొంటూ, న్యాయమైన మాటే అన్నాడు.

"నాలుక సంగతి ఒప్పుకున్న. పొద్దుగాల నేను అన్నది తప్పే. కాని ఆకు నాలుకను మార్చిందమ్మా, పేర్లను మార్చలే గద? మా నాయన పేరు చెప్పిననాడు ఆకు లేదు. భోగి సంగతి భోగినాడే."

కోమలవల్లి మిగిలిన తీగను కొంగున ముడివేసుకొని లేచింది. సులోచన ఆమెను గుమ్మందాకా సాగనంపి, తీగలో మిగిలిన ఆకులను తనకిమ్మని అడిగి తీసుకొంది. తమ్ముడింటి పెండ్లిలో అందరికీ తినిపించి తమాషా చూస్తుందట.

మరునాడు ఉదయం పూజలు ముగిశాక అనంతపద్మనాభం ఎప్పటివలె బీరయ్య వెంట నడకకు బయలుదేరాడు. పాలక్యాను సైకిలుకు కట్టి నడిపించుకొంటూ బీరయ్య ముందు, పంచె ఎగదోపి, శాలువ భుజానికి చుట్టి ఇతడు వెనుక. డాక్టరు చెప్పినంత వడిగా ఒంటరిగా నడవడానికి మొదట్లో అతనికి సిగ్గయ్యేది. నడుస్తున్న మనిషికి ఏదో పని ఉండాలి కదా. పాలవాడి జతలో ఆ ఇబ్బంది లేదు. బీరయ్యకు గల్లీలో ఎవరి పేరూ తెలియదు. ముసలివాళ్ళంతా అతనికి అమ్మ, బాపు. తక్కినవాళ్ళు అక్క, భాయ్. బర్రెల పేర్లయితే తల్లుల నుంచి దూడలదాకా వంశక్రమంలో చెబుతాడు.

ఆ నడకల్లోనే ఒక విషయం అనంతపద్మనాభం గమనించాడు. తండ్రి అతనికి నేర్పినది గోత్రాల వరుస. అందరికన్న ముందు ధర్మకర్త కుటుంబం, ఆ తరువాత భారద్వాజులంతా ఒకచోట, కౌండిన్యులంతా ఒకచోట. ఆసనం మీద కూర్చొని ఆ వరుస ఎత్తుకొంటే ఇప్పుడు నాలుగో కుటుంబం దగ్గరే తొట్రుపాటు మొదలవుతుంది. ఒకరి కోడలు ఇంకొకరి ఇంట్లో చేరుతుంది, పోయినవాళ్ళు తిరిగి వస్తారు. కాని ఒక ఇంటి గడప ముందుకు వచ్చి నిలుచుంటే, ఆ తలుపు రంగు, అరుగు మీద ఆరబోసిన వడియాలు, కిటికీలో ఉన్న మనిషి కనబడగానే, గోత్రంతోసహా పేర్లన్నీ తప్పు లేకుండా నోటికి వస్తున్నాయి. అందుకని అతడు ప్రతి గడప దగ్గరా ఆగి, బీరయ్య పాలు కొలిచి పోసేంతలో, ఆ ఇంటి పేర్లను పైకే చెప్పుకొనేవాడు.

గల్లీ దీనికి త్వరలోనే అలవాటు పడింది. నల్లా దగ్గర బిందెలు పెట్టుకొన్న ఆడపిల్లలు మొదట కిసుక్కున నవ్వారు. ఇప్పుడు తమ ఇంటి దగ్గరికి రాగానే ఎదురువచ్చి వింటున్నారు. ఆ ఉదయం ఒక ఇంటామె తలుపు చాటు నుంచి, కోడలికి ఇంకా పుట్టింటి గోత్రమే చెబుతున్నారని, పెండ్లయి రెండేళ్ళు దాటిందని దిద్దింది. లలితమ్మ తన పేరుకు ముందు మనుమని పేరు చెప్పమని పట్టుపట్టింది. తనకిక ఆయుస్సు ఎందుకు, వాడికి పరీక్షలున్నాయట. పేర్లు చెప్పుకొంటూ వడిగా నడిచిన అనంతపద్మనాభానికి సగం గల్లీ దాటేసరికి వీపు మీద చెమట పట్టింది. ఈ వ్యాధితో మొదలైన కుడికాలి తిమ్మిరి కూడా తగ్గింది. అకారణంగా సంతోషం కలిగింది.

లలితమ్మ ఇల్లు దాటితే బీరయ్య బర్రెల దొడ్డి, అందులోనే అతని ఇల్లు. దాని తరువాతిదే విశ్వేశ్వర్ పెద్ద దర్వాజా. గల్లీ అక్కడితో ముగుస్తుంది. దొడ్డి గుంజకు పొడపత్రి తీగ వేలాడుతోంది. బీరయ్య భార్య రాజమణి పేడ చేతులు కడుక్కొని వచ్చి, లేత ఆకులు ఏరి, అరటాకు ముక్కలో చుట్టి అరుగు మీద పెట్టింది. అనంతపద్మనాభం దాన్ని అందుకొని కదలబోయాడు.

"ఒక్క మాట అడుగుత అయ్యగారూ, ఏమనుకోవద్దు," అంది రాజమణి. "అందరి గడపల కాడ ఏదో సదువుకుంట వస్తరు. మా కాడికొచ్చేసరికి నోరు మూసుకుంటరేంది?"

ఊకోవే, అయ్యగారితో గట్ల మాట్లాడతరా అని బీరయ్య సైకిలు పట్టుకొని గొణిగాడు.

అనంతపద్మనాభం ఆకుల పొట్లాన్ని చేయి మార్చుకొన్నాడు. "మీ గోత్రం నాకు తెలియదమ్మా," అన్నాడు.

"ఎన్నడన్న అడిగిన్రా?"

ఆ మాటలో కోపం లేదు. ఆమె నిజంగానే తెలుసుకోగోరినట్లుంది. రోజూ స్వామి అభిషేకానికి వెండి చెంబు నిండా పాలు వచ్చేది ఈ దొడ్డి నుంచే. తండ్రి నేర్పిన వరుసలో ఈ గడప లేదు. లేదన్న సంగతి కూడా, గడప ముందు నిలబడేదాకా, అతనికి తోచలేదు.

"ఇప్పుడు అడుగుతున్నాను," అన్నాడు.

రాజమణి మగని వైపు చూసింది. బీరయ్య తల గోక్కున్నాడు. "మా తాత చెప్పెటోడు. యాదికి లేదు అయ్యగారూ. నాకు చక్కెర గిట్ల లేదు, అయినా యాదికి లేదు."

ముగ్గురూ నవ్వారు. వైష్ణవ సంప్రదాయంలో గోత్రం గుర్తులేనివారందరిదీ అచ్యుత గోత్రమేనని అనంతపద్మనాభం చెప్పాడు. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగి విన్నాడు: కొడుకు కొండల్, కోడలు ఆండాలు. కల్యాణం విషయం ఎవరూ ఎత్తలేదు. అతడు ఆకుల పొట్లం పట్టుకొని ముందుకు నడిచాడు.

భోగికి ముందురోజు సాయంత్రం కోమలవల్లి ఇంటి వెనుక వసారాలో మరునాటి ఉదయానికి సరస్వతి ఆకు నూరుతోంది. ఎదురుగా అనంతపద్మనాభం పీట మీద కూర్చొని పాత వరుసలో గోత్రనామాలు ఎత్తుకొన్నాడు. విశ్వేశ్వర్ కుటుంబం సరిగానే వచ్చింది. భారద్వాజులలో రెండో ఇంటి దగ్గర మాట ఆగింది. మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి మూడో ఇంట్లో చనిపోయిన పెద్దాయన ప్రత్యక్షమయ్యాడు. కోమలవల్లి తల అడ్డంగా ఊపింది. అతడు లేచి, చేతులు వెనక్కి కట్టుకొని, వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడవసాగాడు. నడుస్తూ, గుడి మెట్లు దిగినట్లు, మొదటి గడపతో ప్రారంభించాడు. పేర్లు వచ్చాయి. ఒక ఇంటి తరువాత ఒక ఇల్లు, కుడివైపు ఎడమవైపు, నల్లా దాటి, లలితమ్మ అరుగుదాకా, ఒక్క తడబాటు లేకుండా వచ్చాయి.

"అయితే రేపు ఇట్లాగే చెప్పండి," అందామె, చేయి ఆపి.

"పీటల మీద కూర్చుని నడిచేది ఎట్లా?"

"కళ్ళు మూసుకోండి. కాళ్ళకు తెలుసు కదా దారి."

అతడు ఇంకొక చుట్టు తిరిగాడు. లలితమ్మ ఇంటి తరువాత బీరయ్య దొడ్డి వస్తున్నదని, దాటిపోదామంటే కాలు అక్కడే ఆగుతున్నదని, ఆగితే ఆ పక్కనున్న విశ్వేశ్వర్ ఇల్లు దొరకడం లేదని అన్నాడు. ఆగి, పేర్లు చెప్పి, ముందుకు వెళితే మాత్రం ఆ ఇల్లు మూడు తరాలతోసహా దొరుకుతుందట. అసలే పాత వరుస మారుతుంది. ధర్మకర్త పేరు మొదట ఉండవలసింది చివరకు పోతుంది. పైగా వైకుంఠం సరిచూసే కాగితంలో లేని పేర్లు. అది తప్పు కింద కడితే ఇల్లూ గుడీ రెండూ పోతాయి.

కోమలవల్లి నూరిన ముద్దను రాయి మీద నుంచి మెల్లగా గీరి తీసింది.

"కట్టనివ్వండి," అంది. "ఇల్లు పోతే ఇల్లు చూసుకుందాం. నోటికి వచ్చిన పేరును మింగి స్వామి ముందర కూర్చోలేరు మీరు."

భోగినాటి కల్యాణానికి మండపం చాలక జనం గల్లీలోకి పరచుకొన్నారు. అరటి బోదెలకు కట్టిన చామంతులు, సన్నాయి, అక్షతలలోని పసుపు వాసన. ఉత్సవమూర్తుల ముందు పీట మీద అనంతపద్మనాభం, అతని కుడివైపు కాగితం మడత చేతిలో పట్టుకొన్న వైకుంఠం. ఎదుట పట్టుపంచెతో విశ్వేశ్వర్, పక్కన సులోచన. వెనుక స్తంభం దగ్గర డాక్టర్ విఠల్‌రావు రూమీ టోపీ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. అందరికన్న చివర, చెప్పులు విడిచే చోట, అభిషేకం పాలు తెచ్చిన బీరయ్య, రాజమణి నిలుచున్నారు.

సంకల్పం దేశకాలాలను దాటి గోత్రనామాలకు వచ్చింది. అనంతపద్మనాభం కళ్ళు మూసుకొన్నాడు. గుడి మెట్లు దిగాడు.

మొదటి పేరు విశ్వేశ్వర్‌ది కాకపోవడంతో ముందు వరుస ఉలిక్కిపడింది. వైకుంఠం కాగితం విప్పి చూశాడు. పదకొండో పంక్తిలో ఉండవలసిన కుటుంబం అది. విశ్వేశ్వర్ కనుబొమలు పైకి లేచాయి. అతడు వైకుంఠానికి సైగ చేయబోయేంతలో రెండో ఇల్లు వచ్చింది, తప్పు లేదు. మూడో ఇల్లు వచ్చింది. వైకుంఠం వేలు కాగితం మీద కిందికీ పైకీ పరుగెత్తి, ప్రతి పేరునూ ఎక్కడో ఒకచోట పట్టుకొంటోంది. కొంతసేపటికి కూర్చున్నవాళ్ళకే వరుస తెలిసిపోయింది. మన ఎడమపక్క ఇల్లయింది, ఇక మనదే అని జనం ముందే సర్దుకొని చేతులు జోడిస్తున్నారు. పేరు పడగానే ఆ ముఖంలో వెలుగు. తన ఆయుస్సుకు ముందు మనుమని ఆయుస్సు వినబడేసరికి లలితమ్మ బోసినోటితో నవ్వింది.

ఆ తరువాత మాట ఆగిపోయింది.

అనంతపద్మనాభం కళ్ళు మూసుకొనే ఉన్నాడు. సన్నాయివాడు కూడా ఊపిరి బిగబట్టాడు. ఇక మిగిలింది ఒక్క ఇల్లే, అది ధర్మకర్తది. వైకుంఠం ఆ పంక్తి దగ్గర వేలు ఉంచి, కాగితాన్ని పెద్దాయన మోకాలి మీదికి మెల్లగా జరిపాడు. అందులో పోటీ లేదు, జాలి ఉంది. వంటశాల గుమ్మంలో కోమలవల్లి రెండు చేతులా తలుపు పట్టుకొంది.

"అచ్యుత గోత్రోద్భవస్య, బీరయ్య నామధేయస్య," అన్నాడు అనంతపద్మనాభం. "ధర్మపత్నీ రాజమణీ నామధేయాయాః, కొండల్ నామధేయస్య, ఆండాలు నామధేయాయాః." అని, అదే ఊపిరిలో పక్క దర్వాజా తెరిచినట్లు, కౌశిక గోత్రంలోకి నడిచి, విశ్వేశ్వర్ ఇంటివాళ్ళందరినీ పెద్ద నుంచి చిన్నకు చెప్పి, సహకుటుంబానికి క్షేమమూ ధైర్యమూ కోరి, కళ్ళు తెరిచాడు.

వైకుంఠం కాగితం మడిచాడు. మండపం విశ్వేశ్వర్ వైపు చూసింది.

"నడుమ వచ్చిన పేర్లు కాగితంల లేవు," అన్నాడు విశ్వేశ్వర్ నెమ్మదిగా. "అది మరుపా అయ్యగారూ, ఎరుకతోని చెప్పిన్రా?"

"ఎరుకతోనే. ఆ గడప దాటకుండా మీ ఇంటికి దారి లేదు."

విశ్వేశ్వర్ ఏదో అనబోయాడు. సులోచన మోచేత్తో అతన్ని పొడిచి, మన ఇంట్ల ఎవరిదన్న పేరు తప్పిందా అని అడిగింది. అతడు వేళ్ళు మడిచి మనసులోనే సరిచూసుకొన్నాడు. తప్పలేదు. పైగా నిన్ననే తొట్టెలలో వేసిన మనుమరాలి పేరు కూడా పడింది. వైకుంఠం కాగితంలో ఆ పాప లేదు. నిన్నటి నడకలో ఆ వాకిట్లో నిలబడి, లోపల ముత్తైదువలు పాపను పిలుస్తుండగా ఆ పేరు విన్నవాడు అనంతపద్మనాభం ఒక్కడే. పాప పేరు తన కాగితంలో లేదని వైకుంఠమే పైకి చెప్పాడు. చెప్పి, పీట నుంచి లేచి పెద్దాయనకు చేతులు జోడించి, మంగళసూత్రం ఉన్న పళ్ళెం అందించాడు.

విశ్వేశ్వర్ ఉత్తరీయం సర్దుకొన్నాడు.

"తప్పు లేదు," అన్నాడు అందరూ వినేలా. "కానియ్యుండ్రి. ముహూర్తం దాటుతున్నది."

చెప్పుల దగ్గర బీరయ్యకు ఇంకా ఏమీ తెలియలేదు. సంస్కృతం మధ్యలో అతని పేరు కూడా వచ్చిందని రాజమణి చెవిలో చెబితే, మళ్ళీ ఒకసారి చెప్పమంటే చెప్తరేమో అడుగు అన్నాడు. సన్నాయి అందుకొంది. అనంతపద్మనాభం మంగళసూత్రాన్ని రెండు చేతులా పైకెత్తి అందరికీ చూపి కట్టాడు. అక్షతలు ముందు వరుసల నుంచీ వెనుక వరుసల నుంచీ ఒకేసారి లేచి, పచ్చని తుంపరలా పడ్డాయి.

జనం తీర్థానికి లేస్తుండగా, టాంగా గుర్రాలకు నాడాలు కొట్టే నర్సింహ దారి చేసుకొని మండపం అంచుదాకా వచ్చాడు. మసిచేతులను వెనుక దాచుకొని, కొంచెం నవ్వుతూ, కొంచెం జంకుతూ అడిగాడు.

"అయ్యగారూ, మా ఇల్లు మీరు నడిచే తొవ్వల లేదు. నల్లా పక్క సందుల ఉన్నది. మస్తు ఇండ్లున్నయి ఆడ."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. అనంతపద్మనాభం ఉద్ధరిణె చేత్తో పట్టుకొనే అతని వైపు తిరిగాడు.

"రేపటి నుంచి ఆ సందు మీదుగా వస్తాను నర్సింహా. డాక్టరుగారు ఇంకా కొంచెం దూరం నడవమన్నారు."

అటువంటి మాట ఎన్నడూ అనని విఠల్‌రావు, స్తంభం దగ్గర నుంచి లేస్తూ, ఎంతో గంభీరంగా తల ఊపాడు.